బాణం గుర్తు లేని దారి

(ఓపెన్ వరల్డ్ ఫాంటసీ గేముల గురించి హైదరాబాద్‌లో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

నమస్కారం.

ఆదివారం సాయంత్రం పూట ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ట్రాఫిక్‌లో పడి, ఒక వీడియో గేముల ఉపన్యాసానికి వచ్చారంటే మీకు ఓపిక చాలా ఉంది. ఈ గేములకి కావాల్సిందీ అదే. కాబట్టి సగం పని అయిపోయినట్టే. (నవ్వులు)

నేను గేములు తయారుచేసేవాణ్ణి కాదు. రోడ్ల సర్వే చేసే సివిల్ ఇంజనీరుని. ఇరవై ఏళ్లుగా పగలేమో ఉన్న నేలని కొలుస్తున్నాను, రాత్రేమో లేని నేల మీద తిరుగుతున్నాను. మా ఆవిడ లెక్కలో రెండూ ఒకటే. రెండింటి నుంచీ భోజనానికి ఆలస్యంగానే వస్తాను.

మీలో ఎంతమంది ఈ హాలుకి ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని వచ్చారు? ఒకసారి చేతులెత్తండి. దాదాపు అందరూ. వెనక వరసలో పెద్దాయన ఎత్తలేదు. మీరెలా వచ్చారు సార్?

(సభలో ఒకరు: "టీకొట్టు దగ్గర అడిగినా.")

చూశారా. ఆయన్ని ఇప్పుడు దారి గురించి కదిలిస్తే ఏదో ఒకటి చెప్తారు. టీకొట్టు అతను ఏమన్నాడు, ఏ సందులో తిరిగి వెనక్కి రావాల్సి వచ్చింది, అన్నీ. మనల్ని అడిగితే ఏముంది? ఎడమకి తిరగమంది, తిరిగాం. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదంతా ఈ తేడా గురించే.

గేములు ఆడనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అని ఒక ఆట తెచ్చారు. బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ ఆడేది. నీ పాత్రకి బలం ఎంత, తెలివి ఎంత అని కాగితం మీద అంకెలేసుకుంటావు, ఒకాయన కథ నడిపిస్తాడు. ఆ ఆట కంప్యూటర్‌లోకి దిగితే వచ్చినవే ఆర్పీజీలు, అంటే రోల్ ప్లేయింగ్ గేములు. వాటిల్లో ఓపెన్ వరల్డ్ అంటే, కథ పిలుస్తున్నా నువ్వు వెళ్లక్కర్లేదు. ఎదురుగా కనిపించే కొండ ఎక్కొచ్చు, పక్క ఊళ్లో ఎవరి గొడవలోనో తలదూర్చొచ్చు. 'విచర్ 3'లో కూతురిలా పెంచిన పిల్ల కోసం వెతుకుతూ బయల్దేరిన మనిషి, దారిలో సత్రం కనిపించగానే కూర్చుని గ్వెంట్ అని పేకాట మొదలెడతాడు. అది ఆడినవాళ్లలో ఈ పాపం చేయనివాళ్లెవరైనా ఉన్నారా? (నవ్వులు) ఎవరూ చేయెత్తట్లేదు.

దీన్ని మా అమ్మకి ఎలా చెప్పాలా అని చాలాకాలం తంటాలు పడ్డాను. చివరికి ఆవిడ చిన్నప్పుడు చదివిన పుస్తకమే అక్కరకొచ్చింది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు. పాతాళభైరవి సినిమా కథకి మూలం అందులోదే కాబట్టి పుస్తకం చదవనివాళ్లకి కూడా దాని రుచి తెలుసు. మణిసిద్ధుడు కాశీకి బయల్దేరతాడు. తోడు గోపడు అనే పశువుల కాపరి కుర్రాడు. ప్రతి మజిలీలో ఈ కుర్రాడు ఊరు చూసొస్తాడు, ఏదో వింత కళ్లపడుతుంది, దాని సంగతేంటో చెప్పమని గురువుగారిని పట్టుకుంటాడు. అప్పుడు కథ. ఆ కథలో ఇంకో కథ. మళ్లీ పొద్దున్నే నడక.

గోపడు ఊరు తిరక్కపోతే కథ లేదు. తిరిగొచ్చి ఎవరితోనూ మాట్లాడకపోయినా కథ లేదు. నా ఉద్దేశంలో ఓపెన్ వరల్డ్ గేమ్‌కి కూడా ఈ రెండు సగాలూ ఉన్నాయి. తిరగడం ఒక సగం. తిరిగొచ్చి చెప్పుకోవడం ఇంకో సగం. గేమ్ కంపెనీలు మొదటి సగం మీద కోట్లు పోస్తాయి. రెండో సగాన్ని మాత్రం తెలిసో తెలియకో కొన్ని గేములు మన చేతికిచ్చాయి, కొన్ని మన చేతిలోంచి లాక్కున్నాయి.

2004. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాస్టల్, మూడో అంతస్తు, రూముకి ముగ్గురం. ఒకడు వరంగల్ వాడు, ఒకడు తెనాలి వాడు, నేను నల్గొండ. వరంగల్ వాడికి వాళ్ల బావ కంప్యూటర్ అసెంబుల్ చేయించి ఇచ్చాడు, కోర్సు నేర్చుకోమని. దాని మీద మేం నేర్చుకున్న కోర్సు పేరు 'మోరోవిండ్'. సీడీ ఎక్కడిదని మాత్రం అడగొద్దు. ఆ తర్వాత అదే గేమ్‌ని వేరే వేరే రూపాల్లో మూడుసార్లు డబ్బు పెట్టి కొన్నాను, పాపపరిహారం అయిపోయింది.

మోరోవిండ్ 2002లో వచ్చింది. బెథెస్డా అనే కంపెనీ తెచ్చిన 'ఎల్డర్ స్క్రోల్స్' గేముల వరసలో మూడోది. నువ్వొక ఖైదీవి. ఓడలో తెచ్చి సేడా నీన్ అనే బురదూళ్లో దింపుతారు, విడుదల కాగితం చేతిలో పెడతారు, బాల్మోరా అనే ఊరెళ్లి ఒక పెద్దమనిషిని కలవమంటారు. వెతుక్కుంటూ వెళ్తే ఆ పెద్దమనిషి చొక్కా లేకుండా ఒక చిన్న గదిలో ఉంటాడు. ఈయన రాజుగారి గూఢచారులకి పెద్ద! ఆయన ఇంకొకాయన దగ్గరికి పంపిస్తాడు. ఆ ఇంకొకాయనకి ఒక పెట్టె కావాలి. డ్వెమర్ అనే అంతరించిపోయిన జాతి కట్టిన శిథిలాల్లో ఉందట. ఆ చోటు పేరు ఆర్క్‌ంగ్‌థాండ్. నోరు తిరగలేదు కదా? మేం దాన్ని 'అరకందం' అనేవాళ్లం.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పెట్టె ఎక్కడుందో మ్యాప్ మీద చుక్క లేదు. బాణం గుర్తు లేదు. ఆయన నోటితో చెప్తాడు, అది డైరీలో పడుతుంది. ఊరికి దక్షిణంగా బయటపడు, కోట దగ్గర తిరుగు, లోయ మీద పాత వంతెన వస్తుంది, దాటు, అవతల శిథిలాలు. ఇదీ వరస.

మొదటి రాత్రి నాకు వంతెన దొరకలేదు. లావా పారి ఎండిపోయిన లోయ అది, అడుగున పడి నడుస్తున్నాను. పైనుంచి క్లిఫ్ రేసర్లని రెక్కల జంతువులు, కాకులు చెవి పక్కన అరిచినట్టు అరుస్తూ పొడుస్తున్నాయి. రెండుసార్లు చచ్చాను. పక్కన మంచం మీద పడుకుని చూస్తున్న వరంగల్ వాడు అన్నాడు, "అరేయ్, జర తలకాయ పైకి లేపి సూడు. బ్రిడ్జి నీ నెత్తి మీదనే ఉన్నది." నిజమే. నేను వంతెన కిందనుంచి మూడుసార్లు అటూ ఇటూ పోయాను.

రెండో రాత్రి తలుపు దాకా చేరాం. తలుపు తెరుచుకోదు. కత్తితో కొట్టాం. మంత్రం వేశాం. తెనాలి వాడు తెలుగు మీడియం, డిక్షనరీ పక్కన పెట్టుకుని డైరీ మొత్తం ఒక్కో మాటా మళ్లీ చదివాడు. తలుపు దగ్గర 'క్రాంక్' తిప్పాలని ఉంది. "క్రాంక్ అంటే ఏంట్రా?" డిక్షనరీలో ఉన్న అర్థం మాకు ఇంకా గందరగోళంగా ఉంది. మళ్లీ వరంగల్ వాడే అందుకున్నాడు. "మా తాత జీపుకి ముందర పెట్టి తిప్పుతుండె గదరా, హ్యాండిలు. గదే." చూస్తే తలుపు పక్కన గొట్టానికి ఒక పిడి ఉంది. తిప్పాం. రాయి జరిగింది. రాత్రి రెండు గంటలకి ముగ్గురం అరిచిన అరుపుకి కింద అంతస్తులోవాళ్లు పైకొచ్చారు. వచ్చినవాళ్లు తిట్టి, ఆ తర్వాత కూర్చుని చూశారు.

లోపల ఆ పెట్టె అరచేతిలో పట్టేంత ఉంటుంది. దాని కోసం ఇంకో రాత్రి పట్టింది. అది చెప్పను, మీరెప్పుడైనా ఆడితే నన్ను తిట్టుకుంటారు.

ఇరవై ఏళ్లు దాటింది. ఆ ముగ్గురం ఇప్పటికీ కలిస్తే ఎవడి జీతం ఎంతో మాట్లాడుకోం, వంతెన గురించి మాట్లాడుకుంటాం.

ఆ దారి చెప్పే పద్ధతి మనూరికి కొత్త కాదు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఉంది కదా, పదకొండున్నర కిలోమీటర్లు. దాని కింద కాపురాలుండేవాళ్లు అడ్రసు ఎలా చెప్తారు? పిల్లర్ నంబర్ ఇంత దగ్గర లెఫ్ట్ తీసుకో, మెడికల్ షాపు దాటాక గుడి సందు. శుభలేఖల మీద కూడా పిల్లర్ నంబర్ వేస్తారు. పాతబస్తీలో అడిగితే దారి తెలియని మనిషి కూడా తెలియదనడు, 'సీదా జావ్ భాయ్' అంటాడు. మోరోవిండ్‌లోనూ అంతే, కొన్ని చోట్ల చెప్పిన దారి తప్పు. రాసినవాళ్ల పొరపాటే అనుకోండి. కానీ దారి తప్పు చెప్పే మనుషులున్న ఊరు నాకు నిజం ఊరులాగే అనిపించింది.

తర్వాత ఏమైంది? 2006లో అదే వరసలో తర్వాతి గేమ్ 'ఆబ్లివియన్' వచ్చింది. దిక్సూచి మీద బాణం గుర్తు వచ్చింది. నువ్వు వెళ్లాల్సిన తలుపుని అదే చూపిస్తుంది. చాలామంది అక్కడితో ఆగి, ఆటగాళ్లు బద్ధకస్తులైపోయారు అని తిడతారు. సర్వే పనివాడిగా నాకు అందులో ఇంకో సంగతి కనిపించింది. ఆబ్లివియన్‌లో ప్రతి మాటకీ గొంతు ఉంది. మోరోవిండ్‌లో చాలావరకు చదువుకోవడమే. రాసిన వాక్యం చవక, పేజీ కాకపోతే రెండు పేజీలు రాస్తారు. రికార్డింగ్ అలా కాదు, నటుల్ని పిలవాలి, స్టూడియో కావాలి, మళ్లీ జర్మన్‌కీ ఫ్రెంచ్‌కీ ఇంకోసారి. అప్పుడు 'కోట దగ్గర తిరుగు, వంతెన దాటు' అని అంతసేపు ఎవరు చెప్తారు? 'మ్యాప్ మీద గుర్తు పెట్టాను, వెళ్లు' అంటారు. పని అయిపోయింది.

ఆ తర్వాతిది, 2011 నవంబర్ 11న వచ్చిన 'స్కైరిమ్'లో కావాలంటే ఆ గుర్తులు ఆపేసుకోవచ్చు. పట్టుదలకి పోయి నేను ఆపేశాను. అరగంటలో మళ్లీ పెట్టుకున్నాను. ఎందుకంటే ఊళ్లోవాళ్లెవరికీ దారి చెప్పడం రాదు! బాణం ఉందనే ధీమాతో వాళ్లకి ఆ మాటలు ఎవరూ రాసి ఇవ్వలేదు. ఫోన్ పోయిన రోజు మన పరిస్థితి కూడా ఇదే.

అయితే ఒక మాట. నాకిప్పుడు నలభై దాటాయి. పిల్లలు పడుకున్నాక నలభై నిమిషాలు దొరికితే గొప్ప. ఆ నలభై నిమిషాలూ లోయ అడుగున తిరిగితే నాకూ ఒళ్లు మండుతుంది. బాణం పెట్టుకుంటాను. సిగ్గుపడను. కాకపోతే మర్నాడు లంచ్‌లో ఎవరికైనా చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండదు, అది నాకు తెలుసు.

మా మేనల్లుడున్నాడు, ఇంజనీరింగ్ రెండో ఏడు. వాడు 'ఎల్డెన్ రింగ్' మనిషి. 2022 ఫిబ్రవరిలో వచ్చింది, జపాన్ వాళ్లది, హిడెటాకా మియాజాకి దర్శకుడు. అందులో మోరోవిండ్ కంటే ఘోరం, డైరీ కూడా ఉండదు. ఒక మనిషి నీకేదో చెప్తాడు, వెళ్లిపోతాడు. గుర్తుంటే గుర్తుంది. బయటికి అడుగు పెట్టగానే బంగారు కవచంతో గుర్రం మీద ఒక సిపాయి తిరుగుతుంటాడు. నేను కొత్త ఉత్సాహంతో వెళ్లి పలకరించాను. రెండు దెబ్బలకి నన్ను లేపేశాడు. మా వాడు ఫోన్‌లో అన్నాడు, "మామా, వాడితో ఎవరైనా కొట్లాడతారా? పక్కనుంచి వెళ్లిపోవాలి." చూస్తే, ఆ సిపాయిని అక్కడ పెట్టిందే అందుకు. అడ్డొచ్చిన ప్రతివాడినీ కొట్టక్కర్లేదని మొదటి పది నిమిషాల్లో నేర్పడానికి. సరే, మా వాడు మాత్రం దాన్ని ఒక వీడియో చూసి నేర్చుకున్నాడు. గేమ్ ఆన్ చేసేముందే అన్నీ చూసేస్తాడు. ఏ కత్తి ఎక్కడుంది, ఎవరు ఎప్పుడు చస్తారు. నేను అన్నాను, ఒరేయ్, సినిమా కథ విని థియేటర్‌కి వెళ్లినట్టుంది నీ ఆట. వాడన్నాడు, "రామాయణం కథ తెలిసే కదా మామా మీరు నాటకానికి వెళ్లేవాళ్లు." (నవ్వులు) దానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. వచ్చే ఏడు ఉపన్యాసం నాటికి ఆలోచించుకుంటాను.

మియాజాకి గురించి ఒక సంగతి నాకు చాలా ఇష్టం. చిన్నప్పుడు ఆయన తన వయసుకి మించిన పుస్తకాలు చదివేవాడట. అర్థం కాని చోట్లు వస్తే బొమ్మలు చూసుకుంటూ, మధ్యలో కథ తనే ఊహించుకునేవాడట. ఆయన గేముల్లో కథ ముక్కలు ముక్కలుగా ఉండటానికి అదొక కారణం. ఇది చదవగానే నాకు మా తెనాలి వాడు డిక్షనరీతో కూర్చున్నది కళ్లముందు కదిలింది. మోరోవిండ్ మాకు సగం అర్థమైంది. మిగతా సగం మేం అల్లుకున్నాం. డ్వెమర్ జాతి మొత్తం ఒక్క రోజులో మాయమైపోయిందని అందులో ఉంటుంది. ఎందుకు మాయమైందో తెనాలి వాడు మాకు ఒక కథ చెప్పాడు. ఏళ్ల తర్వాత నేను ఇంగ్లీషు కాస్త వంటబట్టాక మళ్లీ ఆడితే, ఆ కథ గేమ్‌లో ఎక్కడా లేదు. వాణ్ణి అడిగాను. "మరి ఏదో ఒకటి చెప్పకపోతే మీరు పడుకోనిచ్చేవాళ్లా?" అన్నాడు.

ఈ పెద్ద గేముల్లో, స్కైరిమ్ కానివ్వండి, విచర్ కానివ్వండి, ఎల్డెన్ రింగ్ కానివ్వండి, దేంట్లోనూ తెలుగు లేదు. కానీ మన రూముల్లో వాటిని ఆడేది తెలుగులోనే. క్వెస్ట్‌ని మేం పని అనేవాళ్లం. "ఆ ముసలమ్మ పని చేసిపెట్టావా?" "ఆ కమ్మరాయన పని పెండింగ్‌లో ఉంది." పని అనేసరికి ఆ ఊళ్లోవాళ్లు మా వీధివాళ్లయిపోయారు. స్కైరిమ్ గుహల్లో డ్రాగర్లని లేచొచ్చే శవాలుంటాయి, వాటికి మా ఇంట్లో పేరు భేతాళులు. మా అమ్మాయి నిన్న మొన్నటి దాకా అదే అసలు పేరనుకుంది.

ఇప్పుడు కొలతలు. మీరడక్కపోయినా చెప్తాను, నా వృత్తి అది. 1996లో 'డాగర్‌ఫాల్' అని ఇదే వరసలో రెండో గేమ్ వచ్చింది. అందులో నేల సుమారు 1,60,000 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ 1,12,077. అంటే తెలంగాణ కంటే పెద్దది, ఇంచుమించు ఇప్పటి ఆంధ్రప్రదేశ్ అంత! ఆ తర్వాతి మోరోవిండ్ దీవి ఎంతనుకున్నారు? పాతిక చదరపు కిలోమీటర్ల దరిదాపు. స్కైరిమ్ నలభై లోపే. గ్రేటర్ హైదరాబాద్ 650 అని మనం ఏళ్ల తరబడి చదువుకున్న లెక్కలో స్కైరిమ్ పదహారో వంతు కూడా రాదు. కానీ ఎవరికి గుర్తుంది? డాగర్‌ఫాల్ ఊళ్లన్నీ కంప్యూటర్ ఒక లెక్క ప్రకారం పరిచిన ఊళ్లు. వేలకొద్దీ ఉంటాయి. ఒకటి చూస్తే పది చూసినట్టే. స్కైరిమ్‌లో వైట్‌రన్ అనే మహానగరంలో ఇళ్లు లెక్కపెడితే మా కాలనీలో సగం లేవు. అయినా ఆ రాయి పక్కన ఆ కుక్క, ఆ మెట్ల దగ్గర ఆ గుడి, అన్నీ ఒక మనిషి చేత్తో పెట్టినవి. కాలం కూడా కుదించారు. మనకి ఒక నిమిషమైతే అక్కడ ఇరవై నిమిషాలు గడుస్తాయి. అంటే అక్కడి ఒక రోజు మనకి 72 నిమిషాలు. ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి సాయంత్రం కారులో వెళ్లేలోపు అక్కడ తెల్లవారి మళ్లీ చీకటి పడుతుంది.

చిన్న నేలని పెద్దదిగా ఎలా చూపిస్తారు? ఈ పని అందరికంటే బాగా చేసింది నా దృష్టిలో 2017లో నింటెండో అనే జపాన్ కంపెనీ తెచ్చిన జెల్డా గేమ్, 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్'. ఆ ఏడు జపాన్‌లో జరిగిన డెవలపర్ల సదస్సులో నింటెండో వాళ్లు చెప్పిన కిటుకు ఒకటుంది, త్రిభుజం. నేలని త్రిభుజాల్లా దిద్దుతారు. కొండ ఎదురొస్తే ఎక్కి దాటాలా, పక్కనుంచి చుట్టి రావాలా అని నువ్వు ఆలోచించాలి. కొండ వెనకాల ఏముందో కొండ దాచిపెడుతుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ ఒక గోపురం కొన కనిపిస్తుంది. కాళ్లు వాటంతటవే అటు లాగుతాయి. మా సర్వేలో త్రిభుజాలతో నేలని కొలుస్తాం. వాళ్లు త్రిభుజాలతో మనిషి ఆశని కొలిచారు.

ఇది అర్థం కావాలంటే గోల్కొండకి వెళ్లండి. లంగర్ హౌస్ వైపు నుంచి వస్తుంటే పైన బాలాహిస్సార్ కనిపిస్తుంది. కొంచెం ముందుకొస్తే ఇళ్ల వెనక మాయం. ఫతే దర్వాజా దాటాక మళ్లీ. లోపల మెట్లెక్కేటప్పుడు వంపు వంపుకీ కనిపిస్తూ దాక్కుంటుంది. కట్టినవాళ్లు శత్రువుని అలసగొట్టడానికి చేశారు, మనల్ని మాత్రం అది పైకి లాగుతుంది. జెల్డా దర్శకుడు ఫుజిబయాషి తనకి బాగా తెలిసిన క్యోటో ఊరి మ్యాప్‌ని ఆట మ్యాప్ మీద పరిచి చూసుకున్నాడట. ఫలానా గుడి నుంచి ఫలానా చోటికి నడిస్తే ఎంతసేపు పడుతుందో కాళ్లకి తెలుసు కదా, దాన్నిబట్టి దూరాలు పెట్టుకున్నారు. చార్మినార్ నుంచి గోల్కొండ దాకా ఎవరైనా అలా పరిస్తే ఆడాలని నాకుంది. ఆ బండరాళ్లు, ఆ గుట్టలు. రెండువందల యాభై కోట్ల ఏళ్ల రాళ్లని మనం పేల్చి అపార్ట్‌మెంట్లు కడుతున్నాం, కనీసం గేమ్‌లోనైనా మిగులుతాయి. ఈ మాట అనడానికి నాకు అర్హత లేదు లెండి, ఆ గుట్టలకి ప్లాన్లు గీసినవాళ్లలో నేనూ ఉన్నాను.

విచర్ 3 గురించి చెప్పకపోతే ఇక్కడ ముందు వరసవాళ్లు నన్ను వదలరు. ఆడనివాళ్లు, ఆడదామనుకుంటున్నవాళ్లు ఒక ఐదు నిమిషాలు చెవులు మూసుకోండి. 2015, పోలెండ్ గేమ్. వెలెన్ అని యుద్ధం తొక్కేసిన బురద ప్రాంతం, చెట్లకి వేలాడే శవాలు. అక్కడ కోటలో ఒక బ్యారన్, అంటే దొర. భార్య, కూతురు కనిపించట్లేదు, వెతికిపెట్టమంటాడు. వెతికేకొద్దీ తెలుస్తుంది, వీడు తాగుబోతు, పెళ్లాన్ని కొట్టేవాడు, ఆమెకి గర్భం పోయింది. ఆ పిండాన్ని పేరు కూడా పెట్టకుండా పాతేశాడు. అది భూతమై లేచింది.

ఇప్పుడు నువ్వు దాన్ని నరికేయొచ్చు. లేదా ఇంకో దారుంది. ఆ తండ్రి చేతే దాన్ని ఎత్తించి, రాత్రి పూట కోటకి తీసుకురావాలి. దారిలో అది రెచ్చిపోతుంటుంది, నువ్వు శాంతపరచాలి, చుట్టూ వచ్చే ప్రేతాల్ని ఆపాలి. అంత మొరటు మనిషి చేతుల్లో ఆ మాంసపు ముద్దని పట్టుకుని, వణుకుతూ నడుస్తాడు. ఇంటి గడప కింద గొయ్యి తీసి, దానికి ఒక పేరు పెట్టి, నా బిడ్డవని ఒప్పుకుని పాతాలి. డియా అని పేరు పెడతాడు. అప్పుడది ఇంటిని కాపాడే ఆత్మ అవుతుంది. పోలెండ్ వాళ్లు ఏ నమ్మకం నుంచి తెచ్చుకున్నారో గానీ, గడప అనగానే నాకు ఒళ్లు జలదరించింది. మా అమ్మ శుక్రవారం శుక్రవారం పసుపు రాసే గడప. దాని మీద కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు.

ఆ వారం ముగ్గురం నారాయణగూడలో ఒక ఇరానీ హోటల్లో కలిశాం. నేను ఈ గడప సంగతి చెప్తుంటే వరంగల్ వాడు చాయ్ కప్పు కింద పెట్టేశాడు. "ఏం గడప? నేను దాన్ని నరికేసిన గదా." వాడికి ఆ దారి ఉందనే తెలియదు. తర్వాతి భాగంలో కొండ కింద చిక్కుకున్న ఒక ఆత్మ ఉంటుంది, వదిలేయాలా చంపాలా అని. నేను వదిలేశాను. అనాథ పిల్లలు బతికారు. బ్యారన్ భార్య చచ్చిపోయింది. నేను కోటకి తిరిగొచ్చేసరికి బ్యారన్ చెట్టుకి ఉరేసుకుని ఉన్నాడు. తెనాలి వాడు ఆత్మని చంపాడు. వాడి బ్యారన్ బతికే ఉన్నాడు, మతి చలించిన భార్యని తీసుకుని దూరంగా కొండల్లో వైద్యుడి దగ్గరికి బయల్దేరాడు. పిల్లలు మాత్రం లేరు. "తాగుబోతు బతికితే నీకు సంతోషమా?" అని నేను, "పోయిన భార్య సంగతేంటో నువ్వు చూశావా?" అని వాడు. మూడు చాయ్‌లు, ఆరు ఉస్మానియా బిస్కట్లు, రెండు గంటలు. హోటలాయన వచ్చి, "అన్నా, ఎవరింట్లో పోయిన్రు?" అని అడిగాడు.

అంత గొడవ ముగ్గురం ఒకే సినిమా చూస్తే రాదు. ముగ్గురం ముగ్గురు బ్యారన్లని చూశాం కాబట్టి వచ్చింది.

అన్నీ ఇంత బరువుగా ఉండవు. స్కైరిమ్‌లో దుకాణదారు తలకి బకెట్ తొడిగితే చాలు, కొట్టు మొత్తం దోచుకోవచ్చు. అతని కళ్ల నుంచి నీ దాకా అడ్డం లేని గీత గీయగలిగితే నువ్వు కనిపించినట్టు లెక్క. బకెట్ అడ్డం వస్తే గీత తెగింది, నువ్వు లేవు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఇక్కడ పిల్లి వెళ్లి ఇంటామె కళ్లు మూసింది. (నవ్వులు) అతను బకెట్ పెట్టుకునే నమస్కారం పెడతాడు, బేరం చెప్తాడు.

నా స్కైరిమ్ ఎలా ముగిసిందో చెప్పి ఆపేస్తాను. నూట నలభై గంటలు ఆడాను. కంప్యూటర్ మొరాయించింది. రిపేరుకిచ్చాను, షాపు పేరు వద్దు. కుర్రాడు ఫోన్ చేసి, "సార్, అయిపోయింది, ఫార్మాట్ కొట్టేసిన, మస్త్ స్పీడైంది" అన్నాడు. డేటా సంగతి అడిగితే, "మీ ఆఫీసు ఫైళ్లన్నీ తీసి పెట్టిన సార్, గేములు మాత్రం పోయినయ్, ఏం కాదు" అన్నాడు. ఏం కాదట! వారం రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మళ్లీ మొదలుపెట్టాలంటే చేతులు రాలేదు, ఇప్పటికీ ఆ గేమ్ చివరిదాకా ఆడలేదు. అప్పుడు మా అమ్మాయికి ఆరేళ్లు. పడుకునేముందు ఒక కథ చెప్పమంది. చెప్పడానికి ఏముంది, నూట నలభై గంటలున్నాయి కదా. భేతాళుల గుహ దగ్గర మొదలుపెట్టాను. దాదాపు ఏడాది నడిచింది.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న, వెనక వరస పెద్దాయన: "నాకు అరవై ఎనిమిదేళ్లు బాబూ. చేతులు కొంచెం వణుకుతయి. ఇవి నేను ఆడొచ్చా?")

తప్పకుండా సార్. ఎల్డెన్ రింగ్ జోలికి మాత్రం వెళ్లకండి, నాకే బీపీ వస్తుంది. మోరోవిండ్ తీసుకోండి. అందులో దెబ్బ తగలడం తగలకపోవడం లోపల పాచికలు తేలుస్తాయి, మీ చేతి వేగం మీద అంతగా ఆధారపడదు. పాత ల్యాప్‌టాప్ చాలు. గేమ్ కొనుక్కుని, దాన్ని ఓపెన్ఎమ్‌డబ్ల్యూ అనే ఉచిత ఇంజన్‌లో నడిపితే ఇంకా సాఫీగా ఉంటుంది, అది నేను పెట్టిస్తాను. ఒక నోట్‌బుక్కు, పెన్ను దగ్గర పెట్టుకోండి.

మొదటి ఊరు దాటి తొందరపడి వెళ్లిపోకండి. అక్కడ ఫార్గోత్ అని ఒక బక్క మనిషి ఉంటాడు. అతని ఉంగరం పోయింది. దొరికితే మీ ఇష్టం, ఇచ్చేయొచ్చు, ఉంచుకోవచ్చు. సత్రంలో ఒక సిపాయి ఉంటాడు, ఫార్గోత్ ఎక్కడో డబ్బు దాచాడు, కనిపెట్టమంటాడు. ఒప్పుకుంటే రాత్రి పూట ఆ ఊరి లైట్‌హౌస్ ఎక్కి కూర్చుని కిందికి చూడాలి.

(పెద్దాయన: "ఎంతసేపు కూర్చోవాలె?")

చీకటి పడాలి సార్. ఫార్గోత్ చేతిలో దీపం ఉంటుంది, దాన్ని కనిపెట్టుకుని ఉండండి. ఉంగరం అతనికిచ్చారా, డబ్బు తీసి సిపాయికి పట్టించారా, వచ్చే నెల ఇక్కడే కూర్చుని చెప్పండి. టీకొట్టు దారినే రండి.